వేదిక మీద అవ్వ గొంతు

మా నాయిన తెలుగు పండితుడు. దేవరకొండ పక్క పల్లెలో గుంట భూమి లేని కూలీల ఇంట్లో పుట్టి, ఛందస్సు చదువుకొని, ప్రభుత్వ హైస్కూల్లో పదవీ విరమణ దాకా పద్యాలు చెప్పాడు. చదువుకునే రోజుల్లో ఆయన యాస విని తరగతంతా నవ్విందట. అందుకేనేమో, మా ఇంట్లో ఎవరైనా ‘గిట్ల’, ‘గట్ల’ అంటే ఊరుకునేవాడు కాదు. కన్నతల్లిని, అంటే మా అవ్వను కూడా వదల్లేదు. ఆమె పల్లె విడిచి మా దగ్గరికి వచ్చాక మాటమాటకూ దిద్దేవాడు. మొదట్లో ఆమె నవ్వేది. తర్వాత మాట్లాడటం తగ్గించింది. చివరికి ఏం కావాలన్నా చేత్తో చూపించేది. నాయిన బడికి వెళ్ళాక మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకొని కబుర్లు చెప్పేది. ఆమె పోయేనాటికి నేను చిన్నపిల్లనే అయినా ఆ గొంతు నాకు గుర్తుండిపోయింది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు నల్లగొండలో ప్రాచీన భాషల పండుగ పెట్టారు. సంస్కృతం, తమిళం, కన్నడం, తెలుగు ఇట్లా ఒక్కో భాషకు ఒక పెద్దమనిషి వేదికెక్కి పద్యం చదవాలి. తెలుగుకు మా నాయినను పిలిచారు. నిర్వాహకుడు ఆయన పాత విద్యార్థే. అప్పటికి నాయినకు మతిమరుపు మొదలైంది. గ్లాసు, తువ్వాలు, తలుపు అన్నీ ఆయన నోట్లో ‘అది’ అయిపోయాయి. పద్యాలు మాత్రం చెదరలేదు. అయినా నాకు భయమేసి వద్దన్నాను.

“భాష కొరకు పిలిచినారమ్మా. వెళ్ళకుండుట మర్యాద కాదు” అన్నాడు.

కాలేజీ హాలు నిండిపోయింది. నేను ముందు వరసలో కూర్చున్నాను. నాయిన తెల్ల పంచెలో మైకు ముందు నిలబడి మొదటి పాదం నిండుగా ఎత్తుకున్నాడు. రెండో పాదం దగ్గర ఆగిపోయాడు. ఆయన చూపు పక్క తలుపు మీద నిలిచింది. అక్కడ ఎవరూ లేరు.

“ఓ పెద్దోడా! పొద్దుగూకుతాంది. ఇగ రారాదు బిడ్డా. గింత బువ్వ తిందువు రా!”

మైకులో ఆడగొంతు. ‘బిడ్డా’ అనే ముందు చిన్నగా ఊపిరి పట్టుకునే అలవాటుతో సహా, అది మా అవ్వ గొంతు. ఆ వెంటనే అదే నోటి నుంచి ఒక పిల్లవాడు పలికాడు:

“వస్తున్ననే అవ్వా!”

హాల్లో ముందు నవ్వులు వినబడ్డాయి. తర్వాత చప్పట్లు మోగాయి. పల్లె యాసను సారు కళ్ళకు కట్టాడని నిర్వాహకుడు మైకులో మెచ్చుకొని శాలువా కప్పాడు. నాయిన మాత్రం ఆ తలుపు వైపే చూస్తున్నాడు.

కారెక్కాక ఆయన సీటులో ఓ మూలకు జరిగి పక్కన జాగా చేశాడు. నేను తలుపు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగు బిడ్డా. అవ్వ ఇంక ఎక్కలే.”

ఆయన నోట ‘ఎక్కలే’ అన్న మాట వినడం నా జీవితంలో అదే మొదటిసారి. మండే ఎండలో తలుపు తెరిచి పట్టుకొని నిలబడ్డాను. జనం పులిహోర పొట్లాలతో మమ్మల్ని దాటి పోతున్నారు.

“ఎక్కింది నాయినా” అన్నాను చివరికి.

“జర మెల్లగ పోనియ్యి. ఆమెకు బండి పడది.”

నిజమే, అవ్వకు బస్సెక్కితే వాంతులయ్యేవి. దారంతా నేను అద్దంలో వెనక్కి చూడలేదు.

ఆ తర్వాత నాయినకు పుస్తకాల తెలుగు తిరిగి రాలేదు. పొద్దువాలే వేళకు ఆయన నోట అవ్వ వచ్చేది. ఒకరోజు నేను కూరగాయలు తరుగుతుంటే వెనక నుంచి “ఏం కూర బిడ్డా?” అని వినిపించింది. “బీరకాయ అవ్వా” అనేశాను. కత్తిపీట పక్కకు జరిపి, ఎన్నాళ్ళుగానో మనసులో ఉన్నది అడిగాను.

“అవ్వా, నాయిన మీద కోపమున్నదా?”

నాయిన వచ్చి నా ఎదురుగా కింద కూర్చున్నాడు.

“వాని మీద నాకేం కోపమే? గంత చదువుకున్న పోరడు. నేను మాట్లాడితే వానికి సిగ్గైతుండె. గందుకే సప్పుడు జేయకుంట ఉన్న.”

నాయిన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అవి ఎవరి కన్నీళ్ళో నాకు తెలియలేదు. చీర కొంగుతో తుడిచాను.

ఆ మరుసటి వానకాలం ఆయన పోయాడు. చివరి వారాల్లో ఏ గొంతూ లేదు. చర్చి వెనక సమాధుల్లో అవ్వ పక్కనే పడుకోబెట్టాం.

మళ్ళీ భాషల పండుగ వచ్చినప్పుడు ఆ పాత విద్యార్థి మా ఇంటికి వచ్చాడు.

“అక్కా, సారు అవ్వ లెక్క పిలిచిండు గద, గది జనాలకు మస్తు నచ్చింది. నీకు వస్తదా?”

“రాదు తమ్మీ” అన్నాను.

నేనెప్పుడూ ప్రయత్నించలేదు. మా అమ్మాయి బయట ఆడుకుంటూ పొద్దుపోయేదాకా ఇంటికి రాకపోతే, నా నోట ఎవరి గొంతు వస్తుందోనని గుమ్మంలో నిలబడి కేకేయను. చెప్పులేసుకొని వెళ్ళి, చెయ్యి పట్టుకొని తీసుకొస్తాను.