మేనకోడలి పాటలో కొండల్ రావు సారు

జగిత్యాలలో ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పిన కొండల్ రావు సారు ఇప్పుడు అమెరికాలోని పిస్కాటవేలో ఒక ఇండియన్ స్టోర్‌లో బియ్యం బస్తాలు దించుతారు. బావమరిది వేసిన పిటిషన్ పుష్కరం దాటాక ఫలించి, గ్రీన్‌కార్డు చేతికొచ్చేసరికి ఆయనకు యాభై నాలుగు. ఆ వయసులో వచ్చినవాడికి ఏ ఆఫీసు తలుపు తీస్తుంది? చేసే పనిలో తప్పేమీ లేదు. అయినా పాత శిష్యుల వాట్సాప్ గ్రూపులో మాత్రం 'స్టోర్ మేనేజర్‌గా చేస్తున్నాను' అని రాశారు. నూటపది మంది దండాల బొమ్మలు పెట్టారు. ఎక్కినంత సులువా దిగడం?

భార్య నాగమణి అదే స్టోర్ వంటగదిలో చపాతీలు ఒత్తుతుంది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆ సంగతి చెబుతుంది. సారు మాత్రం నిజం ఒక్కరికే చెప్పేవారు. ఇంగ్లండులోని లెస్టర్‌లో శాండ్‌విచ్‌ల ఫ్యాక్టరీలో పనిచేసే చెల్లెలు అనురాధకు రోజూ లంచ్ బ్రేక్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేవారు.

అనురాధ కూతురు నీహారిక అక్కడే పుట్టింది, ర్యాప్ పాడుతుంది. తల్లి షిఫ్టులు, వానలో బస్సు కోసం ఎదురుచూపులు, నెలాఖరు వంటలు, ఇవే ఆమె మొదటి ఆల్బమ్. విడుదలకు వారం ముందు మామయ్యకు ఒక పాట పంపి, వెంటనే ఫోన్ చేసింది.

"మామయ్యా, అమ్మ ఫోన్‌లో నీ మెసేజెస్ విన్నా. ఒకటి సాంగ్‌లో పెట్టాను. నువ్వు నో అంటే తీసేస్తా. కానీ ఆల్బమ్‌లో బెస్ట్ సాంగ్ అదే."

సారు స్టోర్ వెనక గదిలో కూర్చుని విన్నారు. డప్పులాంటి మోత మీద తన గొంతే: "అనురాధా, ఇయ్యాల ట్రక్కు వచ్చింది. బస్తాలన్ని నేనే దించిన. నడుము వంగుత లేదు. ఈ ముచ్చట ఎవ్వరికి చెప్పకు." ఆ చివరి మాటనే పిల్ల పల్లవి చేసింది.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఇక్కడ చించింది మేనకోడలు, పడేది ఈయన కాళ్ల మీద. 'తీసెయ్యి' అని టైప్ చేశారు. పంపబోయి, ఎందుకో మళ్లీ విన్నారు.

ఈసారి ఆమె ఇంగ్లీషు కొంత అందింది. ఫ్యాక్టరీ చలిగదిలో పగిలిన వేళ్లకు పట్టీలు వేసుకుని, అన్నయ్యతో వీడియో కాల్ అంటే చాలు, చేతులు శాలువా కింద దాచుకునే తల్లి గురించి పాడుతోంది. సారు మనసు చివుక్కుమంది. ఇన్నేళ్లూ తన నడుము గురించి చెప్పుకున్నారే గానీ, చెల్లెలి చేతుల గురించి ఒక్కనాడూ అడగలేదు. ఆయన సిగ్గుపడాల్సింది బస్తాలకు కాదు, ఇందుకు.

చపాతీల దగ్గర్నుంచి పిండి చేతులతో వచ్చిన నాగమణికి అంతా చెప్పారు.

"పాట చెప్పేదాక ఎందుకు? నువ్వే చెప్పు," అంది ఆమె. "అందరికి చెప్పుకొని నేనేమన్న కరిగిపోయిన్నా?"

టైప్ చేసింది చెరిపి 'ఉంచు బిడ్డా' అని నీహారికకు పంపారు. తరువాత గ్రూపులో రాశారు: 'నేను మేనేజర్‌ను కాదు. బియ్యం బస్తాలు దించుతాను. మీకు అబద్ధం చెప్పాను. వచ్చే వారం నా మేనకోడలి పాట వస్తుంది. అందులో నా గొంతుంది, వినండి.'

ఈసారి ఒక్క దండం బొమ్మా రాలేదు. పావుగంట తరువాత ఫోన్ మోగింది. అమెరికాలోనే మరో ఊరు మోరిస్‌విల్ నుంచి అనుదీప్. ఒకప్పుడు సారు క్లాసులో ఫస్టు.

"సర్, మెసేజ్ చూసిన. నా జాబ్ పోయి ఫార్టీ డేస్ అయింది సర్. ఇంకో ట్వంటీ డేస్‌ల దొరకకుంటే వీసా పోతది. రోజూ లాప్‌టాప్ బ్యాగ్ ఏసుకొని ఆఫీస్‌కని బయల్దేరి లైబ్రరీల కూర్చుంటున్న. నా వైఫ్ రష్మికి కూడ చెప్పలే. మీకే ఫస్ట్ చెప్తున్న."

బయట ట్రక్కు హారన్ కొట్టింది. సారు కదలలేదు.

"ఇప్పుడు కూడ లైబ్రరీలనే ఉన్నవా?"

"అవును సర్."

"ఇంటికి పో బిడ్డా. ముందు రష్మికి చెప్పు. ఇల్లు చేరేదాక నేను లైన్‌లనే ఉంటా."