రాజుగారు రాసిచ్చిన దోపిడీ

నా చిన్నప్పుడు, మా ఊరు ఎల్లారెడ్డి బడిలో ఏడో తరగతి చదివే రోజుల్లో, మాలో ఒక్కరూ సముద్రం చూడలేదు. అయినా ఒక వానాకాలం మధ్యాహ్నం మా సోషల్ సారు మమ్మల్ని నడిసముద్రంలోకి తీసుకుపోయారు.

పూర్వం ఐరోపా రాజులు యుద్ధం వస్తే సొంత ఓడలున్నవాళ్లకు ముద్ర వేసిన పత్రం ఇచ్చేవారట. అది చేతిలో ఉంటే శత్రుదేశపు సరుకు ఓడలను పట్టి దోచుకోవచ్చు. అందులో రాజుకూ వాటా. పత్రం లేకుండా అదే పని చేసినవాణ్ణి మాత్రం సముద్రపు దొంగ అని ఉరితీసేవారు.

"మరి దోపిడైనోనికి ఫరక్ ఏముంటది సార్?" అని నేనే అడిగాను.

"ఆడి సూద్దాం" అన్నారు సారు.

తరగతిని రెండు రాజ్యాలు చేశారు. మా రాజ్యపు ఓడకు నేను కెప్టెన్‌ని. 'పీరియడు అయ్యేదాకా ఎదుటి రాజ్యం సొత్తు ఏదైనా తీసుకోవచ్చు' అని కాగితం మీద రాసి, ఇంకు సీసా మూతతో ముద్ర వేసి నా చేతికిచ్చారు. చివర్లో అన్నీ తిరిగి ఇప్పించాలన్నది ఆయన ఆలోచన. అది మాకు చెప్పలేదు. అంతలో హెడ్మాస్టరు పిలిస్తే బయటికి వెళ్లారు.

పెన్నులు, రబ్బర్లు లాక్కున్నాం. గోడపక్క కూర్చునే పిల్ల మాత్రం పుస్తకాన్ని గుండెలకు అదుముకుంది. వాళ్లమ్మ బీడీలు చుట్టేది, నాన్న దూరాన భివండిలో మగ్గాల మీద పనిచేసేవాడు. బడికొచ్చే దారిలో పోస్ట్‌మ్యాన్ ఇచ్చిన నాన్న ఉత్తరం ఆ పుస్తకంలో ఉంది, ఇంకా విప్పలేదు.

"ఇది వద్దే. అమ్మకు సదివి ఇనిపియ్యాలె."

"సారే రాసిచ్చిండు గదనే" అని కాగితం చూపించాను. ఆ ముద్ర వంక కాసేపు చూసి, ఉత్తరాన్ని తనే తీసి ఇచ్చింది.

మావాళ్లు దాన్ని పడవ చేసి, బడి ముందు నిలిచిన వాననీళ్లలో వదిలారు.

సారు పరుగున వచ్చి విప్పేసరికి లోపల నీలం మరకలే మిగిలాయి. సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి నడిచి, ఒళ్లో బీడీల చాటతో కూర్చున్న ఆ తల్లికి చేతులు జోడించారు.

"తప్పు నాదమ్మా."

"పోనియ్‌రి సార్, మల్ల రాస్తడు తియ్" అందామె.

మళ్లీ ఉత్తరం రాలేదు. రెండు నెలలకు ఆ పిల్ల నాన్నే వచ్చాడు, ఎముకల గూడులా. కామెర్లతో అక్కడి దవాఖానలో పడి, బయలుదేరి రమ్మని భార్యకు రాసుకున్న ఉత్తరమట, మేం పడవ చేసింది. నేను వెళ్లి ఏడిస్తే "పిల్లల ఆట, గంతే బిడ్డా" అని నవ్వాడు. నన్ను సాగనంపడానికి బయటికొచ్చిన ఆ పిల్ల మెల్లగా చెప్పింది: "రోజు తలుపు దిక్కే సూసిండటనే, అమ్మ అస్తదని."

తర్వాత కామారెడ్డిలో ఒక కార్యాలయంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఇండ్లు ఖాళీ చేయించే ఆర్డర్లు, సామాను జప్తు చేసే ఆర్డర్లు నా బల్ల మీదుగా పోయేవి. పైనుంచి వచ్చింది, మన చేతిలో ఏముంది అనేవారు తోటివాళ్లు. కొన్నింటిని ఆపగలిగాను. కొన్నింటి మీద సంతకం పెట్టాను. పెట్టిన ప్రతిసారీ, నేనెన్నడూ చూడని ఆ దవాఖానలో ఒక మనిషి మంచం మీద నుంచి తల తిప్పి తలుపు వంక చూసేవాడు. రిటైరయ్యాక కూడా ఆయన చూపు ఆ తలుపు మీది నుంచి కదల్లేదు.