పెద్ద డ్రమ్ముల కోసం తాడేపల్లి దాకా

మా జీపు గురించి నేను ఏం చెప్పినా అందులో సగం కోసేసి నమ్మడం మా ఊళ్ళో అలవాటు. ఈ ప్రయాణాన్ని మాత్రం కోయకుండా చదవండి. దీనికి సాక్షి ఉంది. ఆవిడ పేరు సంతోషమ్మ. అద్దంకి దగ్గర మా ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకూ ఆవిడే నర్సు. సూది గుచ్చేటప్పుడు నొప్పి ఉండదని ఇంతవరకూ ఒక్క పిల్లాడికీ చెప్పని మనిషి.

జీపు మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న పాత సరుకు. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి వానల్లో మా నల్లరేగడిలోకి బస్సు రాకపోయినా అది వచ్చేది. మిరపకాయ బస్తాలు, పత్తి బస్తాలు, నెలలు నిండిన ఆడవాళ్ళు, దేన్నయినా మోసేది. పరుగుకు వంక లేదు, ఆగడమంటేనే దానికి అయిష్టం. చక్రం లోపల బోర్లించిన గిన్నెలా డ్రమ్ము ఉంటుంది కదా, దాన్ని లోపలినుంచి ఒత్తి పట్టే షూలు ఉంటాయి. మా జీపుకు ఆ గిన్నెలు తొమ్మిదంగుళాలవి, షూలు అరిగిపోయినవి. పెడలును నాలుగుసార్లు తొక్కితే ఐదోసారికి ఆలోచిద్దాం అనేది.

మిరప కోతలకు ముందు ఒకనాడు నిండు గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్ళి, గేటు దగ్గర ఆపబోయి, ఆగక, పక్కనున్న గడ్డివాములోకి ఎక్కించాను. ఎవరికీ గీత పడలేదు. పిల్ల క్షేమంగా పుట్టింది. ఆ గడ్డివాము కుదుపు వల్లే సుఖప్రసవం అయిందని ఊరంతా చెప్పుకొచ్చాను. సంతోషమ్మ నవ్వలేదు.

"తమ్ముడూ, బ్రేకులు బాగయ్యేదాకా ఒక్క గర్భిణిని కూడా దీంట్లో ఎక్కించను. బాగయ్యాయని నువ్వు చెబితే చాలదు. నా కళ్ళతో చూడాలి" అంది.

ఆ నెలలో మా పల్లెలో ఇద్దరు కోడళ్ళకు పురుళ్ళున్నాయి. జీపు లేకపోతే ఆ గతుకుల్లో వాళ్ళకు ఎడ్లబండే గతి. పాత షూలకే కొత్త లైనింగు అంటిస్తే సరిపోతుందని అద్దంకి మేస్త్రీలు అన్నారు. సరిపోదన్నాను. తర్వాత వచ్చిన జీపులకు పదకొండంగుళాల డ్రమ్ములున్నాయి, తాడేపల్లి వెళ్ళి అవే బిగించుకుని వస్తాను, లేదా జీపును అక్కడే అమ్మి నడిచొస్తాను అని పదిమందిలో అనేశాను.

సోమవారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాను. సంతోషమ్మ చెల్లెలు తాడేపల్లిలోనే ఉంటుంది. అయినా ఆవిడ జీపెక్కలేదు. బస్సులో వస్తానంది, తిరుగు ప్రయాణం సంగతి అక్కడ చూద్దామంది. హైవే మీద రెండో గేరు దాటకుండా పోతుంటే ఎర్రబస్సు నన్ను దాటింది. కిటికీలోంచి ఆవిడ నా వైపు చూసి చేతులు జోడించింది. అది నమస్కారం కాదు, ప్రార్థన.

ఎనిమిదిన్నరకు చిలకలూరిపేట. జిన్నింగు మిల్లుల ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి, రోడ్డంతా దూది ఎగురుతోంది. ఒక హోటలు ముందు ఇసక కుప్పకు ముక్కు ఆనించి జీపును ఆపాను. ఇడ్లీ తింటుంటే పక్కనున్న లారీ డ్రైవరు, బండిని అలా ఎందుకు పెట్టావని అడిగాడు. ఇది బర్మా యుద్ధంలో తిరిగిన జీపనీ, శత్రువును చూసి ఆగకూడదని బ్రేకులు పీకించేశారనీ చెప్పాను.

అతను టీ చప్పరించి, "రివర్సు గేరు కూడా పీకారా అన్నా?" అన్నాడు. ఆ ఇడ్లీల డబ్బులు అతనే ఇచ్చాడు.

గుంటూరులో మిరప యార్డు వైపు పోకుండా చుట్టు తిరిగాను. ఆ ఘాటుకు ఒక్క తుమ్ము వచ్చిందంటే ముందున్న రిక్షా నాదే. ఒంటిగంటకు తాడేపల్లి చేరాను. బెజవాడ ఆటోనగర్లో పెద్ద షెడ్లున్నాయి కాని, మధ్యలో కృష్ణ బ్యారేజీ దాటాలి. అంత జనంలో ఆ బ్రేకులతో వెళ్ళే ధైర్యం నాకు లేదు. అందుకే ఏటికి ఇవతలే ఉన్న మస్తాన్ మేస్త్రీ షెడ్డుకు వెళ్ళాను. మీరు వెళ్ళినా ఇవతలే ఆగండి.

మస్తాన్ నాకంటే రెండాకులు ఎక్కువ చదివాడు. "సార్, నేను చేసిన లారీ బ్రేకు తొక్కితే వెనకొచ్చే గాలి కూడా ఆగిపోయింది" అన్నాడు. ఇద్దరం సిటీబస్సులో ఆటోనగర్ వెళ్ళి నాలుగు డ్రమ్ములు, షూలు బిగించే ప్లేట్లు, షూలు కొని బస్సులోనే తెచ్చాం. కండక్టరు వాటికి లగేజీ టిక్కెట్టు కొట్టాడు. పక్కసీటు ముసలమ్మ అవి పెళ్ళివంటలకా అని అడిగింది. అవునన్నాను.

"ఇంత చిన్నవాట్లో ఎంతమందికి వండుతారు నాయనా?"

"పిలిచింది తక్కువ మందినే అమ్మమ్మా."

మర్నాడంతా పని. పాతవి విప్పి కొత్త ప్లేట్లు బిగించారు, షూలు అమర్చారు, పెడలు తొక్కితే చక్రాలకు నూనె తోసే మాస్టర్ సిలిండరు కూడా పెద్దది వేశారు. నేను పెడలు తొక్కుతుంటే మస్తాన్ చక్రం దగ్గర కూర్చుని గొట్టాల్లోని గాలి తీశాడు. మూడింటికి సంతోషమ్మ వచ్చింది. కరకట్ట రోడ్డు మీద ఆవిడ చూస్తుండగా బ్రేకు కొట్టాను. జీపు ఆగింది. ఆగుతూ ఆగుతూ ఎడమకు లాగి, టీ బండివాడిని బెంచీ మీదినుంచి లేపింది.

రోడ్డు ఎడమకు వాలుగా ఉందని మస్తాన్ అన్నాడు. ఇలాంటి మాట నేను చెప్పాల్సింది, అతను ముందు చెప్పాడు. నేనూ తలూపాను.

సంతోషమ్మ రోడ్డును చూసింది, ఇద్దర్నీ చూసింది. "అయితే ఇదే చోటుకి అటువైపు నుంచి రా. అప్పుడు వాలు నీకు కుడివైపుంటుంది కదా" అంది.

అటునుంచి వచ్చి కొట్టాను. అప్పుడూ ఎడమకే లాగింది.

చీకటి పడకముందే ఇంటిదారి పట్టాలని నాకు ఎంత తొందరగా ఉన్నా, విప్పమన్నాను. ముందువైపు కుడిచక్రం ఊడదీస్తే కొత్త లైనింగు గ్రీజు తాగి నిగనిగలాడుతోంది. ఆ చక్రం పట్టడం లేదు, ఎడమది ఒక్కటే పట్టుకుంటోంది. తుడిచేస్తే పోతుందన్నాడు మస్తాన్. గ్రీజు పీల్చిన లైనింగు ఎంత తుడిచినా పట్టదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. కొత్తది పడేదాకా షెడ్డులోంచి కదలనని జీపులోనే పడక వేశాను. పొద్దున్నే అతనే ఆటోనగర్ పోయి వేరే షూలు తెచ్చాడు. ఈసారి జీపు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. సంతోషమ్మ ముందు సీట్లో ఎక్కి కడ్డీ పట్టుకుంది.

పదింటికి బయల్దేరాం. బ్రేకులు మారాయి కాని నా కాలు మారలేదు. అలవాటుకొద్దీ అల్లంత దూరంనుంచే తొక్కడం మొదలుపెడితే జీపు అక్కడే నిలబడిపోయేది. గుంటూరు రైలు గేటుకు ఎంత ముందు ఆగామంటే, ఆ ఖాళీలోకి రెండు ఎడ్లబండ్లు వచ్చి చేరాయి.

"ఆగమన్నాను గాని, ఒక ఊరు ముందే ఆగమన్నానా?" అంది సంతోషమ్మ. ఆ ప్రయాణంలో ఆవిడ చేసిన వేళాకోళం అదొక్కటే. బ్రేకుల గురించి ఒక్క మాట లేదు.

నాలుగింటికి మా పొలాలు వచ్చాయి. మిరప కోతలనుంచి వస్తున్న ఆడవాళ్ళు చెయ్యెత్తితే వెనక ఎక్కించుకున్నాను. ఊరికి ముందు వాగు ఉంది. ఆ దిగుడు దగ్గర మా వాళ్ళకొక పద్ధతి. ఎవరూ చెప్పనక్కర్లేదు, వెనకున్నవాళ్ళంతా దూకి జీపు తోక పట్టుకుని వెనక్కి లాగుతూ దిగుతారు. ఆ రోజూ దూకారు. నేను వద్దని అరిచేలోగా కొంగులు నడుముకు చుట్టి లాగడం మొదలుపెట్టారు. దిగుడు మధ్యలో ఒక్కసారి పెడలు నొక్కాను. జీపు పాతేసినట్టు ఆగింది.

"చూశారా, బ్రేకులు" అన్నాను.

"బ్రేకులా పాడా. మా రెక్కలు పడిపోతుంటే" అంది దీవెనమ్మ. ఆమె కోడలు రూతుకు అవి నిండు నెలలు. మిగతావాళ్ళు రొప్పుతూనే నవ్వారు. నేను ఎన్ని ఒట్లు పెట్టినా లాభం లేకపోయింది. పట్టు వదిలితే జీపు వాగులో పడుతుందని ఇంకా గట్టిగా లాగుతున్నారు.

సంతోషమ్మ వెనక్కి తిరిగింది. "వదిలెయ్యండే" అంది.

ఒకరి మొహాలొకరు చూసుకుని ఒక్కొక్కరే వదిలారు. చివరికి దీవెనమ్మ వదిలింది. జీపు కదల్లేదు. సంతోషమ్మ కూడా కడ్డీ మీదినుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దీవెనమ్మా, రేపు పొద్దున ఏడింటికి నీ కోడల్ని తయారుగా ఉంచు. అద్దంకి తీసుకెళ్ళి చూపిస్తాను."

"దేంట్లోనమ్మా?"

"దీంట్లోనే."

దీవెనమ్మ వంగి చక్రాల కింద ఎవరైనా రాయి పెట్టారేమోనని చూసింది. లేదు. చీర దులుపుకుని అందరికంటే ముందు ఎక్కింది, తక్కినవాళ్ళు ఆమె వెనక. మెల్లగా వాగులోకి దిగాం. ఎవరూ దూకలేదు.

అద్దంకి నుంచి కృష్ణ ఒడ్డు దాకా వెళ్ళొచ్చిన ఈ మూడు రోజుల్లో నాకు బాగా గుర్తున్నది ఆ దిగుడే. పది గజాలు కూడా ఉండదు.