పసరు మందుకు నేను పెట్టిన చీటీ

బ్లాగులో ట్యాగులంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. వాదనలో బలముంటే చదివేవాడే వెతుక్కుంటూ వస్తాడని నా నమ్మకం. హిందూపురంలో కూర్చుని మూఢనమ్మకాల మీద నేను రాసినవి పదిమంది కూడా చూడకపోయినా, ఆ నమ్మకాన్ని మాత్రం పరీక్షకు పెట్టలేదు. ధర్మవరంలో పట్టుచీరలు నేసి ఫోన్లోనే అమ్ముకునే నా స్నేహితుడు నవ్వాడు.

"ఏమప్పా, లోకాన్నంతా రుజువు అడుగుతావే! చీర మడతకు చీటీ పెట్టకుంటే అంగట్లో ఎవురు తీస్తారు? జనం ఏ మాట కొట్టి వెతుకుతారో ఆ మాట పెట్టు. 'హేతువాదం' అని కొట్టేది నువ్వొక్కడివే."

పెనుకొండ దగ్గరి ఒక పల్లెలో కామెర్లకు పసరు పోసే ఆయన గురించి అప్పటికే రాసి ఉన్నాను. ఆదివారం పొద్దున పరగడుపున పోస్తాడని, బస్సు దిగి ఏ దారిన ఎంత దూరం నడవాలో కూడా రాశాను. వివరం లేని విమర్శ విమర్శే కాదని నా పట్టుదల. దానికి కామెర్లు, పసరు మందు, పెనుకొండ అని మూడు ట్యాగులు తగిలించాను.

చదివేవాళ్లు పెరిగారు. రెండు వారాలు పొంగిపోయాను. మూడో వారం అనుమానం పట్టుకుంది. వారమంతా ఒకరిద్దరే, శనివారం సాయంత్రానికి మాత్రం గుంపు. శాస్త్రం మీద ఆసక్తి శనివారాలే ఎందుకు పుడుతుంది? ఒక్కరూ వాదించలేదు. కనీసం తిట్టలేదు. అది మరీ అనుమానం.

ఆ శనివారమే, వ్యాసం కింద ఉన్న నా నంబరుకు బుక్కపట్నం వైపు గొర్రెలు మేపుకునే ఒకాయన ఫోన్ చేశాడు.

"సార్, పసరు పోసేది మీరేనా?"

"కాదు. అది పనికిరాదని రాసినవాణ్ణి. చదవలేదా?"

"దారి రాసినారే, ఆడికి చదివినా సార్. రేపు ఉంటాడా ఆయప్ప? మా చెల్లెలికి కండ్లు పచ్చగయినాయి. వారమాయ, కూడు ముట్టల్యా. ఏడో నెల."

వాదన మొదలుపెట్టబోయి ఆపుకున్నాను. "రేపటిదాకా ఆగొద్దప్పా. కడుపుతో ఉన్న మనిషికి కామెర్లొస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడు యాడ ఉండారు?"

"చెల్లెల్ని పిల్చుకొని బస్టాండులో ఉండా. పెనుకొండ బస్సు కోసరం."

"ధర్మవరం బస్సెక్కండి. ఆస్పత్రి గేటు దగ్గర నా స్నేహితుడుంటాడు."

నేను ఫోన్ చేయగానే స్నేహితుడు మగ్గం దిగి ఆస్పత్రికి వెళ్లాడు. అతని కబురు కోసం చూస్తూ బ్లాగు తెరిచాను. దారి చెరిపేశాను, ఆదివారం చెరిపేశాను. "కళ్లు పచ్చబడితే ముందు ఆస్పత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి" అని మొదటి వాక్యం రాశాను. ట్యాగులు కూడా తీసేయబోయి ఆగాను. ఇవి లేకపోతే వచ్చే శనివారం వెతికేవాళ్లు ఎవరి దగ్గరికి పోతారు? అలాగే ఉంచాను.

ఫోన్ మోగింది.

"చేర్చుకున్న్యారప్పా. ఇంగ రెండు దినాలు ఆలస్యమైంటే కష్టమనింది డాక్టరమ్మ. వాళ్లన్న మాత్రం ఇంగా అడుగుతాండాడు, రేపు ఆదివారం కదా, ఒక్కసారి పిల్చుకపోయి పసరు పోయిస్తేనో అని."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? గేటు కాడే కాపలా కూర్చున్నా."