మంచు మేస్త్రీ, ఏడు గిగాహెర్ట్జ్

ముప్పై ఏళ్లుగా ఫ్రిజ్‌లు బాగుచేస్తున్న ఆయన్ని వీధంతా మంచు మేస్త్రీ అనేది. ఆయనకు మంచు బద్ధశత్రువు. ఎవరింటికి వెళ్లినా కుశలప్రశ్నలు అయ్యేలోపే ఫ్రీజర్ తలుపు తీసి, గోడలకు పేరుకున్న మంచు గీకి పారేస్తేగాని ఆయన ప్రాణం కుదుటపడేది కాదు.

అంతటివారికి యాభై రెండో ఏట ఒక మహోద్యమం తలకెక్కింది. ఇళ్ల ప్లాన్లు గీసే మేనకోడలు, బాగా చల్లబరిస్తే కంప్యూటర్ ప్రాసెసర్ వేగం పెంచవచ్చని మాటవరసకు అంది. అంతే, రెండు నెలలు ఆమెను నిలవనీయలేదు. చివరికి తన కంప్యూటరే ఇచ్చింది.

“నాకున్నది ఇదొక్కటే మావయ్యా. సోమవారం ఆసుపత్రి ప్లాను అప్పగించాలి. ఇది పోతే నా పని గోవిందా!”

“నా చేతిలో ఎప్పుడైనా ఏదైనా పోయిందా తల్లీ?”

“మా మిక్సీ,” అని వంటింట్లోంచి మేస్త్రీ భార్య గుర్తుచేసింది.

శనివారం మధ్యాహ్నం కార్యక్రమం శాస్త్రోక్తంగా మొదలైంది. చెమ్మ చేరితే కంప్యూటర్ లోపలి బోర్డు కాలిపోతుంది కాబట్టి దానికి వాసెలిన్ పూసి, చుట్టూ స్పాంజి కూరారు. ప్రాసెసర్ నెత్తిన మేస్త్రీ స్వయంగా చేసిన రాగి గిన్నె బిగించారు. తలుపులూ కిటికీలూ బార్లా తీసి, ఫ్లాస్కులోంచి ద్రవ నైట్రోజన్ పోశారు. గిన్నె బుసకొట్టింది. తెల్లటి ఆవిరి బల్ల అంచు దాటి నేలమీదకు జారింది.

“ఏమండీ, అది మరుగుతోందా, గడ్డకడుతోందా?”

“మరుగుతూనే గడ్డకట్టిస్తోందే!” అన్నారాయన, గొంతు తగ్గించి.

కిటికీలోంచి బల్లమీద ఎండ పడుతోంది. ఆ ఎండలోనే, జానెడు గిన్నెలో, మైనస్ నూట ఎనభై డిగ్రీలు. మామూలుగా ఐదు గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే ప్రాసెసర్ ఆరు దాటింది. ఆరున్నర. ఆరు ముప్పావు.

అప్పుడు గిన్నె అంచున మంచు పేరుకుంది. ముప్పై ఏళ్ల అలవాటు యజమాని అనుమతి అడగలేదు. మేస్త్రీ చెయ్యి స్క్రూడ్రైవరు అందుకుని బరుక్కున గీకేసింది. ఒక పెచ్చు ఊడి, స్పాంజి సందులోంచి బోర్డు మీద పడింది.

“మావయ్యా!”

మేస్త్రీ మొహంలో నెత్తుటి చుక్క లేదు. “చంపేశానే తల్లీ! ఉండు, హెయిర్ డ్రయ్యరుతో కరిగించేస్తా...”

“దాన్ని ముట్టుకోకండి! గడ్డగా ఉంటే కరెంటు పారదు. నీళ్లయితేనే చావు.” మేనకోడలి చెయ్యి స్విచ్చి దాకా వెళ్లింది. తెర మీద అంకె చూసి అక్కడే ఆగిపోయింది. “పొయ్యండి మావయ్యా. ఆపకండి.”

“నీ ప్రాసెసరే...”

“నాదే. పొయ్యండి!”

జీవితంలో మొదటిసారి, మంచు కరగకూడదని మొక్కుకుంటూ పోశారాయన. ఏడు. ఆమె ఫొటో తీసి, స్విచ్చి కట్టేసింది.

ఆపై ఆదివారం సాయంత్రం దాకా బోర్డును ఫ్యాను కింద ఆరబెట్టారు. మేస్త్రీ అన్నం సరిగా తినలేదు. రోగి మంచం పక్కన కూర్చున్నట్టు బోర్డు పక్కనే కూర్చున్నారు. చివరికి మేనకోడలు అన్నీ బిగించి మీట నొక్కింది. తెర ఒక క్షణం నల్లగా ఉండి, వెలిగింది. ఆసుపత్రి ప్లాను, ఏ వార్డు ఎక్కడుండాలో అక్కడే ఉంది.

“ఇప్పుడెంత?” అన్నారాయన, కుర్చీ పట్టుకుని.

“ఐదే మావయ్యా. మామూలే.”

“ఐదంటే ఐదు వందల కోట్లసార్లు కొట్టుకోవడం,” అన్నారు మేస్త్రీ మెల్లగా. “సెకనుకి. దీన్నా మనం మామూలంటున్నాం?”

ఆమె ప్లానులో మెట్లు గీయడం మొదలుపెట్టింది. ఆయన కూర్చోవడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయారు.