పిట్ట ముట్టని విస్తరి

నేను క్రైమ్ నవలలు రాస్తాను. ఇప్పటికి ఇరవై ఆరుగురిని చంపాను. ఒక్కరి ఇంటివాళ్లూ నన్ను నిలదీయలేదు. వరంగల్‌లో విత్తనాల దుకాణం నడిపే మా మేనమామ మాత్రం ప్రతి నవలా చదివి, హంతకుడిని సగంలోనే పట్టేసేవాడు.

పోయిన వానాకాలం ముందు ఆయనే నాకొక కథ చెప్పాడు.

"ఇద్దరు దోస్తులు, ఒకటే దుకాణం. ఒకడు నకిలీ పత్తి గింజలు అమ్ముతాండు. రెండోడు పట్టుకున్నడు, పోలీసులకు చెప్తనన్నడు. ఇగ మొదటోడు ఏం జేస్తడు అల్లుడా?"

"కాళ్లు పట్టుకుంటడు మామా. గింజల కోసం ఖూనీ అంటే ఎవ్వరు నమ్మరు. మోటివ్ వీక్."

"గట్లంటవా," అన్నాడు. కాస్త తేలికపడ్డట్టే కనిపించాడు.

వారం తిరక్కుండా మామ గోదాములో బస్తాలు మీదపడి పోయాడు. ప్రమాదమన్నారు. అప్పుడు పక్కనున్నది ఆయన పార్ట్‌నర్ ఒక్కడే.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవి విస్తట్లో వడ్డించి దూరంగా నిలబడతాం. కాకి ముడితే తృప్తిగా వెళ్లినట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. మటన్, గారెలు, అర పెగ్గు పెట్టాం. కాకులు గోడ మీద వరసగా కూర్చుని చూశాయి. ఒక్కటీ దిగలేదు.

ఇక మాటలివ్వడం మొదలైంది. మామ కొడుకు, "తాగుడు బంద్ పెడ్త నాయినా," అన్నాడు. కాకులకు అనుభవం ఉన్నట్టుంది, కదల్లేదు. పార్ట్‌నర్ ముందుకొచ్చి చేతులు జోడించాడు. "అన్నా, దుకాణం ఫికర్ జెయ్యకు. నేను చూసుకుంట." కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "నీకేమన్న చెప్పిండా బిడ్డా? ఉంటె చెప్పు."

కాకి సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదని నాకు తెలుసు. అయినా అనేశాను. "మామా, నువ్వు చెప్పిన కథ రాస్త. ఆఖరుదాక రాస్త."

ఎక్కడినుంచో ఒక కాకి దిగి గారె ఎత్తుకుపోయింది. ఆడవాళ్లు గొల్లుమన్నారు. పార్ట్‌నర్ మాత్రం కాకిని చూడలేదు, నన్ను చూశాడు.

ఆ రాత్రే అత్తమ్మకు మామ కథంతా చెప్పాను, నేనిచ్చిన జవాబుతో సహా. మర్నాడు ఇద్దరం వెళ్లి కంప్లయింట్ ఇచ్చాం. విచారణ చేస్తామన్నారు. ఇంకా చేస్తున్నారు.

ఈలోగా పార్ట్‌నర్ కథ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోడానికి సాయంత్రాలు హన్మకొండలోని మా ఇంటికి వస్తున్నాడు. ఇంత శ్రద్ధ గల పాఠకుడు నాకు ఇదివరకు దొరకలేదు.

"ఆఖర్ల ఇంకెవరన్న సస్తరా అల్లుడా?" అని మెల్లగా అడుగుతాడు.

ఇంకా తేల్చుకోలేదని చెప్తున్నాను.