చేతికిచ్చిన ఉప్పు

అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న నోవైలో మొదట్లో స్థిరపడ్డ కొద్దిపాటి తెలుగు కుటుంబాల్లో రాధారాణిగారిది ఒకటి. భర్త వాసుదేవరావు కార్ల కంపెనీలో ఇంజనీరు. డెబ్భై ఆరులో బాపట్ల నుంచి వచ్చేటప్పుడు ఆమె పెట్టెలో పట్టుచీరల కన్నా ఆవపొడి, ఎండుమిరపకాయలే ఎక్కువ ఉన్నాయని ఆయన అందరికీ చెప్పి నవ్వేవాడు. ఆమె కాదనేది కాదు. చీర కావాలంటే ఎవరైనా అరువిస్తారు, ఆవపొడి ఎవరిస్తారు?

దొరికినదానితోనే ఆమె వంట నడిపింది. మామిడికాయ కనిపించని చోట పుల్లటి ఆకుపచ్చ యాపిల్‌తో ఆవకాయ పెట్టింది. నవంబరులో దుకాణాలకు వచ్చే ఎర్రటి క్రాన్‌బెర్రీలను, అంత పుల్లటి కాయల్ని, ఇక్కడి వాళ్ళు పంచదారలో ఉడికించి తింటారని విని జాలిపడి, ఇంటికి తెచ్చి పచ్చడి నూరింది. ఆ పచ్చడితో ఆమె పేరు డెట్రాయిట్ చుట్టుపక్కలంతా పాకింది. ఎవరింట్లో విందు జరిగినా రాధారాణిగారి సీసా బల్ల మీదికి వచ్చేదాకా ఎవరూ పేపరు ప్లేటు అందుకునేవారు కాదు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. పైకి ఒప్పుకునేది కాదు గానీ, “మీ చేతిలో ఏదో ఉందండీ” అని ఎవరైనా అంటే ఆ రోజంతా ఆమె నడకే మారిపోయేది.

ఆ చేతిలో ఉన్నది ముఖ్యంగా ఉప్పు. చెంచా వాడేది కాదు, రుచి చూసేది కాదు. పిడికిట్లోకి తీసుకుని గిన్నెలోకి విదిలిస్తే అంతే, లెక్క తప్పేది కాదు. ఉప్పు విషయంలో ఆమెకు ఒక్కటే పట్టింపు: ఎవరికీ చేతికివ్వదు. ఉప్పు చేతికిస్తే ఇద్దరి మధ్యా తగువొస్తుందని చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన మాట. ఎవరడిగినా బల్ల మీద పెడుతుంది, వాళ్ళే తీసుకోవాలి. ఒకసారి పక్కింటి అమెరికన్ ఆవిడ గిన్నె పట్టుకుని ఉప్పుకోసం వస్తే, నింపిన గిన్నెను మెట్ల దగ్గర గట్టు మీద పెట్టి వెనక్కి జరిగి నిలబడింది. పాపం ఆవిడ గిన్నె వంకా ఈమె వంకా మార్చి మార్చి చూసి, థాంక్స్ చెప్పి తీసుకుపోయింది.

ఎనభైలో ఆఫీసు వాళ్ళు చేయించిన పరీక్షలో వాసుదేవరావుకు రక్తపోటు బయటపడింది. అందరికీ ఉండేదేలే అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఆయన అన్నగారు గుంటూరులో నలభై ఎనిమిదేళ్ళకే ఇదే ప్రెషరుతో భోంచేస్తూ చేస్తూ కంచం ముందే ఒరిగిపోయాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. కానీ ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళినా కారులో ఇద్దరికీ అదే గుర్తొస్తుంది.

డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఉప్పు తగ్గించాలని చెప్పి డయటీషియన్ దగ్గరికి పంపించాడు. శాకాహారులమని చెప్పగానే ఆవిడ ముఖం విప్పారింది. చాలా మంచిది, మీకు సగం బాధ తప్పింది అంది. ఉప్పువేసిన పందిమాంసం, డబ్బా సూపులు, బంగాళాదుంప చిప్స్ మానేస్తే చాలంది. వీటిలో ఒక్కటీ మన గడప తొక్కలేదు కదా అని ఇద్దరూ నిశ్చింతగా ఇంటికొచ్చి, ముద్దపప్పు, ఆవకాయ, గుమ్మడి వడియాలు, అప్పడాలు, చివర ఊరమిరపకాయలు నంజుకుంటూ మజ్జిగన్నం తిన్నారు. డయటీషియన్ తప్పేమీ లేదు. తనకు తెలిసిన ఉప్పు గురించి ఆవిడ అడిగింది. వీళ్ళ ఉప్పు గురించి అడగాలని ఆవిడకు మాత్రం ఎలా తెలుస్తుంది?

ప్రెషరు దిగలేదు. మాత్రలు పెరిగాయి. అలా ఏడాది గడిచాక కంపెనీ వాళ్ళు వాసుదేవరావును చలికాలమంతా టెక్సాస్‌లోని ఫ్యాక్టరీకి పంపారు. రాధారాణి మూడు రకాల పచ్చళ్ళు కట్టి పెట్టెలో పెట్టింది. విమానంలో సీసాలు పగిలి చొక్కాలన్నీ ఎర్రబడ్డాయి, పచ్చడి మాత్రం నోటికి అందలేదు. ఆయనకు వంట రాదు. ఉడికించిన కూరగాయలు, ఓట్స్, అరటిపళ్ళు, ఉత్త పెరుగన్నం తింటూ ఫోన్‌లో రోజూ ఏడ్చినంత పని చేశాడు. తిరిగొచ్చాక నర్సు ప్రెషరు చూసి, నమ్మకం కుదరక ఇంకోసారి చూసింది. “ఏం మార్చారో గానీ దాన్ని వదలకండి” అన్నాడు డాక్టరు.

తిరుగుదారిలో వాసుదేవరావు డ్రైవ్ చేస్తూ, “అక్కడ వాకింగ్ బాగా చేశాలే రాధా. స్నో ఉండదుగా” అన్నాడు.

ఆయన మంచితనం ఆమెకు అర్థమైంది. తన వంట తినని నెలల్లోనే ఆయన ఒళ్ళు బాగుపడింది. ఆ మాట ఆయన అనలేదు, అననివ్వకుండా తనూ కిటికీలోంచి మంచును చూస్తూ కూర్చుంది. కోపమొచ్చింది, సిగ్గేసింది, ఆ తర్వాత భయమేసింది. ఇల్లు చేరేసరికి భయం ఒక్కటే మిగిలింది.

మర్నాడే వంటింట్లోకి చెంచా వచ్చింది. అప్పడాలు, వడియాలు అటకెక్కాయి. ఉప్పు డబ్బా బల్ల మీంచి పై అలమరలోకి పోయింది. ఉప్పు లేని లోటు తీర్చడానికి జీలకర్ర వేయించి కొట్టింది, నిమ్మకాయలు పిండింది, బ్రాకలీ తరిగి కొబ్బరి కోరుతో వేయించింది. ముడిబియ్యం వండితే వాసుదేవరావు అది కోళ్ళు తినేదా మనుషులు తినేదా అన్నట్టు మెతుకుల్ని వేలితో కదిపి చూశాడు. ఆవకాయ ఇక పెట్టడం లేదని తెలిసి, డెట్రాయిట్ నుంచి జగన్మోహన్ అనే కుర్ర డాక్టరు ఫోన్ చేశాడు. “మీ ఆవకాయ కూడా లేకపోతే ఇంత చలిలో మేమిక్కడ ఎందుకుండాలండీ?” అన్నాడు. ఒక విందులో స్నేహితురాలు విజయశ్రీ పప్పు నోట్లో పెట్టుకుని, “అక్కా, ఉప్పు మర్చిపోయారా?” అని నలుగురిలో అడిగింది. రాధారాణి నవ్వి ఊరుకుంది. సగానికి పైగా మిగిలిన పప్పు గిన్నెను ఒళ్ళో పెట్టుకుని కారులో ఇంటికి వస్తుంటే మాత్రం ఏడుపొచ్చింది.

వాసుదేవరావు ఇంట్లో ఏమీ అనేవాడు కాదు. ఏం పెట్టినా తినేవాడు. బాగుందా అంటే “ఊఁ” అనేవాడు. ఆ ‘ఊఁ’కి ఆమెకు ఒళ్ళు మండిపోయేది. అయినా ఫర్వాలేదు, ప్రెషరు నిలకడగా ఉంటే చాలనుకుంది. కానీ మళ్ళీ చలికాలం వచ్చేసరికి అది మొదటికొచ్చింది. డాక్టరు ఇంకో మాత్ర కలిపాడు. ఇంకా ఏం తగ్గించాలో తోచక ఆమె చారులో ఉప్పు వెయ్యడమే మానేసింది.

మంచు కరిగాక, భర్త చలికోటు డ్రై క్లీనింగ్‌కి ఇవ్వబోతూ జేబులు తడిమితే గుప్పెడు చిన్న చిన్న కాగితప్పొట్లాలు చేతికొచ్చాయి. ఆఫీసు క్యాంటీన్‌లో ఊరికే దొరికే ఉప్పు పొట్లాలు. కొన్ని చించినవి, ఎక్కువ చించనివి. ఇంటి నుంచి తీసుకెళ్ళిన క్యారియర్ మూత తీసి, అటూ ఇటూ చూసి, పొట్లం చించి చల్లుకుంటున్న మనిషి ఆమె కళ్ళకు కట్టాడు. నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

ఆ సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నారు. అమెరికాలోనే పుట్టి బడికెళ్తున్న కూతురు రేణు కూడా ఉంది. రాధారాణి పై అలమరలోంచి ఉప్పు డబ్బా తీసుకొచ్చి భర్త ముందుకు చాచింది.

“పట్టుకోండి.”

ఆయన చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. “చేతికిస్తావేంటి? అక్కడ పెట్టు, తీసుకుంటా.”

“పెట్టను. చేతికే ఇస్తున్నా.”

“తగువొస్తుందని నువ్వే కదా...”

“రానీండి” అని ఆమె స్వెటర్ జేబులోంచి పొట్లాలు తీసి ఆయన కంచం పక్కన పోసింది. ఆయన తల దించుకున్నాడు.

“తగువెందుకని నేను నోరు మూసుకుని వండుతున్నా. తగువెందుకని మీరు నోరు మూసుకుని తింటున్నారు. గుంటూరులో మీ వదినగారు ఇవాళ ఎవరితో తగువాడుతుందండీ? తగువాడ్డానికైనా మనిషి ఉండాలిగా.”

డబ్బా పట్టుకున్న ఆమె చెయ్యి అలాగే చాచి ఉంది.

రేణు ఇద్దరి వంకా చూసింది. “డాడీ, తీస్కో. ఇట్స్ జస్ట్ సాల్ట్” అంది.

వాసుదేవరావు చెయ్యి చాచాడు. ఆమె డబ్బా ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన మూత తియ్యకుండా దాన్ని దూరంగా జరిపాడు.

“పప్పు బాగాలేదు రాధా.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“నా కోసం ఇంత తంటాలు పడుతుంటే ఎలా చెప్పను?”

“ఇప్పుడు చెప్పండి. ఏం తక్కువైంది?”

“పులుపు. నిమ్మకాయ కాదు, ఆ క్రాన్‌బెర్రీలు వెయ్యి. ఇంగువ దండిగా తగిలించు. ఆ కోడిబియ్యం ఇంకాసేపు ఉడకనివ్వు.”

“అది ఇంతకన్నా ఉడకదు.”

“నానబెడితే ఉడుకుతుంది.”

“వంట మీరు నాకు నేర్పుతారా?”

తగువు మొదలైంది. మజ్జిగన్నం దాకా సాగింది, మర్నాడు పొద్దున కాఫీతో మళ్ళీ అందుకుంది. వారాల తరబడి ఆయన బాగాలేదంటూనే ఉన్నాడు, ఆమె ఎందుకు బాగాలేదో తేల్చుకుంటూనే ఉంది. ఆ ఏడు శీతాకాలానికి తక్కువ ఉప్పుతో చేసిన క్రాన్‌బెర్రీ పప్పు విందులో గిన్నె అడుగు కనిపించేదాకా అయిపోయింది. విజయశ్రీ ఎలా చెయ్యాలో అడిగి మరీ వెళ్ళింది. ప్రెషరు నెమ్మదిగా దిగింది, మాత్రల్లో ఒకటి తగ్గింది. అన్నగారు పోయిన వయసు వాసుదేవరావుకు వచ్చింది, దాటింది. ఆ పుట్టినరోజున ఎవరూ ఏమీ అనలేదు గానీ రాధారాణి దేవుడి దగ్గర రెండు దీపాలు ఎక్కువ వెలిగించింది.

ఎనభైల చివర్లో కొత్తగా నోవైకి వచ్చిన ఇంజనీర్ల జంటలు ఆమె ఇంటికి భోజనానికి వచ్చేవి. ఎవరైనా మొహమాటపడుతూ కాస్త ఉప్పు అడిగితే రాధారాణి లేచి డబ్బా తెచ్చి నేరుగా చేతికిచ్చేది. వాళ్ళు ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకునేవారు.

“తీసుకోండి, ఏం కాదు” అనేవాడు వాసుదేవరావు అన్నం కలుపుకుంటూ. “మేం రోజూ తగువాడుకుంటూనే ఉన్నాం.”